జపాను గృహవ్యవస్థయు ‘టోక్యో కథ’యు

యసుజీరో ఒజూ దర్శకత్వమున షోచికు సంస్థవారు నిర్మించిన ‘టోక్యో కథ’ అను చలనచిత్రము 1953వ సంవత్సరము నవంబరు 3వ తేదీన జపాను దేశమున విడుదల యయ్యెను. పరసైన్యముల పాలన తొలగి అప్పటి కేడాదిన్నర మాత్రమే గడచినది. పొరుగున కొరియా యుద్ధము ఆ వేసవియందే ఆగినది. బాంబుల మంటలలో బూడిదయైన రాజధాని పొగగొట్టములతోడను రైలుకట్టలతోడను మరల తలయెత్తుచున్నది. అట్టి వేళ ప్రేక్షకుల ముందునకు వచ్చిన ఈ కథ యెంత చిన్నదనగా, దూరపు రేవుపట్టణమునందలి వృద్ధదంపతులు టోక్యోలో స్థిరపడిన బిడ్డలను చూడబోవుదురు. బిడ్డలకు వారితో గడపుటకు తీరిక చిక్కదు. ఇల్లు చేరిన కొలదిదినములకే ముసలితల్లి కన్నుమూయును. ఇంతకు మించి జరిగినది లేదు. అయినను, ఒక జాతి తన గృహవ్యవస్థను అర్ధశతాబ్దిలో ఎట్లు కట్టుకొన్నదో, ఎట్లు విప్పుకొన్నదో తెలియగోరువారికి ఈ రెండుగంటల పదునాఱు నిమిషముల చిత్రమును మించిన సాక్ష్యము దొరకుట కష్టము.

దీనిని చూచినవారిలో పెక్కుమంది మాతాపితృభక్తి క్షీణించిన కాలమునకై చేసిన విలాపముగా గ్రహించిరి. బిడ్డలు కృతఘ్నులు, తల్లిదండ్రులు సాధువులు, పూర్వకాలము మంచిది, నేటికాలము చెడ్డది యను తీర్పు చెవి కింపుగానే యుండును గాని, ఆ తెరమీద కనబడు మనుష్యులకు అది న్యాయము చేయదు. ఆ బిడ్డలు ఇల్లువిడిచి పారిపోయినవారు కారు. చదువులు చెప్పించి, పెద్దపట్టణమున పెద్దవారు కావలెనని ఆశించినవారు ఆ తల్లిదండ్రులే. అట్లాశించుట ఆ తరమువారికి ధర్మమే. ఏ పూర్వవ్యవస్థ కూలిపోయెనని మనము చింతించుచున్నామో, ఆ వ్యవస్థయే ఈ యెడబాటునకు విత్తు నాటినదని నా నమ్మకము. ఈ మాట నిలువవలెనన్న కొంత వెనుకకు పోక తప్పదు.

జపాను కుటుంబమును గూర్చి వ్రాయువారు దానిని అనాదిసిద్ధమైన దానినిగా వర్ణింతురు. నిజమునకు, చిత్రములోని వృద్ధుడగు షూకిచి హిరయామా తన జీవితమున ఎఱిగిన గృహవ్యవస్థ 1898వ సంవత్సరము జూలై నెలలో అమలునకు వచ్చిన పౌరస్మృతిచే రూపొందినది. అనగా అది అతని కంటె పదునైదేండ్లు చిన్నది. అంతకుముందు ఆ దేశమున ఒకే యాచారము లేదు. ఈశాన్యసీమలలోని కర్షకకుటుంబములు కొన్నింట తొలుచూలు సంతానము ఆడపిల్లయైనచో ఇల్లామెకే దక్కి, ఆమెకు ఇల్లరికపుటల్లుని తెచ్చుకొనుచుండిరి. పడమటిదేశమున కొన్నిచోట్ల అన్నలొక్కరొక్కరుగా వేరుపడగా కడగొట్టువాడు తల్లిదండ్రులతో నిలిచి గృహము నందుకొనుచుండెను. మఱికొన్ని ప్రాంతములందు పెద్దకొడుకునకు పెండ్లియైన పిమ్మట ముదుసలి దంపతులు ప్రక్కనున్న చిన్నయింటికి మారి వేరుపొయ్యి పెట్టుకొనుట పరిపాటి. జ్యేష్ఠపుత్రునకే వంశాధికారము చెందుననునది ప్రధానముగా సమురాయి వర్గమువారి యాచారము. మెయిజీ ప్రభుత్వపు శాసనకర్తలు దానిని రైతునకు, వర్తకునకు, జాలరికిని సమానముగా విధించిరి.

ఆ చట్టము గృహయజమాని యను నొక పదవిని సృష్టించినది. ఇంటివారిలో ఎవరెక్కడ నివసింపవలెనో చెప్పు అధికారమును, వివాహములకు సమ్మతి నొసగు అధికారమును అతనివి. ముప్పదియేండ్లు నిండని కొడుకును, ఇరువదియైదేండ్లు నిండని కూతురును తల్లిదండ్రుల యనుమతి లేక పెండ్లాడరాదు. పెండ్లియైన స్త్రీ భర్త యనుజ్ఞ లేక ముఖ్యమైన ఆస్తివ్యవహారములు నడపరాదు. యజమాని గతించినచో ఇల్లు, పొలము, పితరుల పూజాపీఠము, సమాధులు సమస్తమును పెద్దకొడుకునకే సంక్రమించును. బడులలో చక్రవర్తియెడ విధేయతయు, తండ్రియెడ విధేయతయు ఒక్కపాఠముగనే నేర్పబడెను. అయితే ఈ వ్యవస్థ కింకొక ముఖము కలదు. ఆస్తి అంతయు జ్యేష్ఠునిదైనప్పుడు తక్కిన కొడుకులు ఎక్కడికి పోవలెను? వారు మిల్లులకు, సైన్యమునకు, పట్టణములకు పోయిరి. ఆ ప్రభుత్వమే మఱియొకవైపున, కష్టపడి చదివి లోకమున పైకిరమ్మని ప్రతి గ్రామపాఠశాలలోను బాలురకు బోధించుచుండెను. ఇంటికి కట్టుబడియుండుమనియు, ఇల్లు దాటి పైకెదుగుమనియు ఒక్కనోటనే రెండాజ్ఞలు వెలువడినవి. మొదటి ఆజ్ఞ చట్టమున నిలిచినది, రెండవది మనస్సులలో నాటుకొన్నది.

పరాజయానంతరము ఈ కట్టడమును ప్రభుత్వమే విప్పవలసివచ్చెను. 1947 మే 3న అమలైన నూతన రాజ్యాంగమున 24వ అనుచ్ఛేదము స్త్రీపురుషుల పరస్పరసమ్మతియే వివాహమునకు ఆధారమని విధించినది. దాని చిత్తును వ్రాసినది, బాల్యము టోక్యోలో గడపిన బియాటె సిరోటా యను ఇరువదిరెండేండ్ల యువతి. దానికి అనుగుణముగా సవరింపబడిన పౌరస్మృతి 1948 జనవరి 1 నుండి నడచినది. గృహయజమాని పదవి రద్దయ్యెను. ఆస్తిలో మూడవవంతు భార్యకు, తక్కినది ఆడమగ భేదము లేక బిడ్డలందఱికి సమానముగా అని నిర్ణయమయ్యెను. పాతవ్యవస్థను సమర్థించువారు ఊరకుండలేదు. వారి పట్టుదల వలననే నేరువరుస రక్తబంధువులును, ఒక్కయింట నివసించు బంధువులును పరస్పరము తోడ్పడవలెనను నొక వాక్యము 730వ సూత్రముగా చేరినది. పూజాపీఠమును, సమాధులును మాత్రము సమభాగములకు లోబడక, ఆచారానుసారము పితృకార్యములు జరుపువానికి చెందునని 897వ సూత్రమున నిలిచినది. దేవతార్చన పాతపద్ధతిని, భూమి క్రొత్తపద్ధతిని అన్నట్లు రాజీ కుదిరినది. కాని ముఖ్యమైన చిక్కు అట్లే మిగిలెను. వెనుకటి చట్టమున ఆస్తి యెవనిదో తల్లిదండ్రుల పోషణయు వానిదే. క్రొత్తచట్టమున ఆస్తి అందఱిది, పోషణయు అందఱిది. అందఱిదైన భారమును ముందుగా ఎవరెత్తుకొనవలెనను ప్రశ్నకు సూత్రములలో సూటియైన సమాధానము లేదు. ‘టోక్యో కథ’ యందలి ప్రతి గదిలోను, ప్రతి భోజనమునొద్దను నలుగుచున్నది ఈ ప్రశ్నయే.

కథ మొదలగునది ఒనోమిచి పట్టణమున. హిరోషిమా మండలములో, కొండలకును లోసముద్రమునకును నడుమ ఇఱుకైన నేలమీద పెరిగిన ప్రాచీనమైన రేవది. దేవాలయములు కొండవాలున, ఓడలు క్రింద, రెంటి నడుమ 1891లో వచ్చిన రైలుమార్గము. యుద్ధమున పెద్దబాంబుదాడులు దానిని తాకలేదు గనుక పాత యిండ్లు, పాత మర్యాదలు అచట చెక్కుచెదరక నిలిచినవి. షూకిచి పూర్వము ఆ పట్టణ పురపాలక కార్యాలయమున విద్యాశాఖలో ఉద్యోగి. ఈ చిన్నవిషయమును రచయితలైన ఒజూ, కోగో నోదాలు ఊరక పెట్టియుండరు. ఊరిపిల్లలను చదివించి రైలెక్కించిన యంత్రమున అతడును ఒక చక్రమే. అతని పెద్దకొడుకు కోయిచి వైద్యుడై టోక్యో పొలిమేరలలో చిన్న వైద్యశాల నడపుచున్నాడు. పెద్దకూతురు షిగే అక్కడనే కేశాలంకరణశాల పెట్టుకొన్నది. రెండవకొడుకు షోజి యుద్ధమున మరణించెను. అతని భార్య నోరికో టోక్యోలోనే ఒక వర్తకసంస్థలో గుమాస్తా. చిన్నకొడుకు కెయిజో ఒసాకాలో రైల్వే యుద్యోగి. కడగొట్టుది క్యోకో తల్లిదండ్రులతో నుండి ప్రాథమికపాఠశాలలో ఉపాధ్యాయిని. నూతన జపాను ప్రజల వృత్తులలో ముఖ్యమైనవన్నియు ఒక్కయింటి సంతానమున ఇమిడియున్నవి.

తల్లిదండ్రులు దిగిన మొదటి యిల్లు కోయిచిది. ఇక్కడ దర్శకుడు చూపిన యొక దృశ్యమును గమనింపుడు. తాతకును, మామ్మకును పడకగది కావలెనని కోడలు ఫుమికో పెద్దపిల్లవాని చదువుబల్లను నడవలోనికి జరుపును, బడినుండి వచ్చిన మినోరు, నేనెక్కడ చదువుకోవలెనని తల్లిమీద కోపగించును, ఆమె కసరును, వాడు మొండికేయును. ఇంతే. తప్పెవరిది? ఆ పిల్లవాడు ఆ బల్లయొద్ద కూర్చుండి చదివి వృద్ధిలోనికి రావలెనని తాత యాశించును, తండ్రి యాశించును. ఆ బల్లకును తాత పఱుపునకును చాలినంత చోటు మాత్రము ఆ యింటిలో లేదు. టోక్యో మండలపు జనసంఖ్య 1940లో డెబ్బదిమూడు లక్షలు. బాంబుల వలన, వలసల వలన 1945లో ముప్పదియైదు లక్షలకు పడిపోయెను. 1950 నాటికి అఱువదిమూడు లక్షలు, 1955 నాటికి ఎనుబది లక్షలు దాటినది. 1945 మార్చి 10వ తేదీనాటి ఒక్కరాత్రిలోనే ఇంచుమించు లక్షమంది మరణింపగా, లక్షల యిండ్లు దగ్ధమైన నగరమున ఇంతమంది తలదాచుకొనవలసివచ్చినపుడు, అదనపు గది యుండుట భాగ్యవంతుల సొత్తు. గృహయజమాని తన యిష్టానుసారము బంధువులను నిలుపుకొను పాత పెద్దిల్లు ఇది కాదు. ఒజూ తన కెమేరాను చాపమీద కూర్చున్నవాని కన్నుల కంటెను క్రిందుగా నిలిపి చిత్రించువాడగుటచే, గోడలు, తలుపులు, మెట్లు మనుష్యులను ఎంత దగ్గఱగా ఒత్తుచున్నవో వేరుగా చెప్పనక్కఱలేకయే తెలియును.

ఆదివారము తల్లిదండ్రులను ఊరు చూపుటకు కొడుకు బట్టలు మార్చుకొని సిద్ధపడిన వేళకు, రోగియైన బిడ్డను చూడరమ్మని పిలుపు వచ్చును. వైద్యుడు పోక తప్పదు. ఇట్టి కొడుకును కఠినుడనుట ఎట్లు?

షిగే విషయమున అట్లనుట సులభము. హరుకో సుగిమురా నటనలోని పదును అందుకు తోడ్పడును. భర్త అసాకుసా నుండి అత్తమామల కొఱకు మంచి మిఠాయి తెచ్చినపుడు, ఇంత ఖరీదైనవి వారికెందుకు, బియ్యపుపిండి బిళ్లలు చాలునని మందలించి, తాను మాత్రము ఒకటి నోట వేసికొనును. ఇది చూచి ప్రేక్షకుడు పండ్లు కొఱుకును. అయితే ఆమె వృత్తిని తలచికొనవలెను. జుట్టును ఉంగరములు చుట్టించు అలంకరణను యుద్ధకాలమున దుబారాగా నిందించి అణచివేసిరి. యుద్ధము తీఱిన పిమ్మట అది మరల వీధివీధిని వెలసినది. చేతిపనిచే స్వయముగా నిలద్రొక్కుకొన్న ఇట్టి స్త్రీ వెనుకటి చట్టమున భర్త యనుజ్ఞకై వేచియుండవలసినదే. ఆమెకు గంటలనగా రూకలు. ఇంటి క్రిందిభాగమే అంగడి. తోడివృత్తివారి సమావేశము తన యింట జరుగవలసిన రాత్రి తల్లిదండ్రులు అతామి యాత్ర నుండి ముందుగా తిరిగివచ్చుట ఆమెకు ఇబ్బందియే. అన్నతో చెరికొంత వేసికొని వారిని అతామి వేడినీటియూటలకు పంపినది ఆమె యాలోచనయే. అగ్గువ సత్రము, మేడమీద బిళ్లల యాటలో యువకుల కేకలు, వీధిలో పాటగాండ్రు, ముసలివారికి రాత్రియంతయు నిద్ర లేదు. బంధుధర్మమును రొక్కముగా మార్చి చెల్లించు పద్ధతికి ఇంతకంటె తొల్లింటి చిత్రణము నే నెఱుగను. ఆమె సొమ్మిచ్చినది, కాని గది యివ్వలేదు.

ఇంట చోటులేని ఆ రాత్రి ముసలమ్మ చిన్నకోడలి యింటికి, ముసలాయన పాతస్నేహితుల యొద్దకు విడిపోవుదురు. అప్పటి పానశాల దృశ్యమే నా వాదమునకు మూలాధారము. ముగ్గురు ముదుసలులు. ఒకనికి ఇరువురు కొడుకులును యుద్ధమున పోయిరి. ఇంకొకడైన నుమాతా, బ్రతికియున్న కొడుకు తానాశించినంత పెద్దయుద్యోగి కాలేదని, తల్లిదండ్రుల మాట సరకుచేయడని త్రాగి యేడ్చును. షూకిచి తొలుత సర్దిచెప్పి, పిదప తానును ఒప్పుకొనును: టోక్యోలో తన కొడుకు ఇంతకంటె గొప్పవాడై యుండునని తలచితినని, వచ్చి చూడగా పొలిమేరలో చిన్నవైద్యుడని. బిడ్డలు తమ్ము నిరాశపఱచిరని తండ్రులే పలుకుచున్నారు. ఆ నిరాశకు కొలబద్ద ఆదరణ కాదు, హోదా. మెయిజీ పాఠశాల నేర్పిన రెండవ యాజ్ఞ ఎంత లోతుగా నాటుకొన్నదో ఇంతకంటె స్పష్టముగా ఏ చరిత్రగ్రంథము చెప్పగలదు? పైగా, అర్ధరాత్రి తూలుచు పోలీసు వెంట వచ్చిన తండ్రిని చూచి షిగే, వెనుకటి రోజులలోను ఇట్లే త్రాగివచ్చి అమ్మను బాధించెడివాడని మండిపడును. సాధుమూర్తియగు ఆ వృద్ధునికి ఒక గతము కలదు. చిషూ ర్యూ అను నటుడు అప్పటికి నలువదితొమ్మిదేండ్లవాడు మాత్రమే. డెబ్బదియేండ్ల మందహాసము వెనుక ఆ గతమును దాచియు చూపియు అతడు నటించిన తీరు అద్భుతము.

నోరికోను గూర్చి కొంత విస్తరింపవలెను. జపాను యుద్ధమృతులు ముప్పదిలక్షలకు పైబడినవారు. వారిలో సైనికులు ఇరువదిమూడు లక్షలని గణన. మృతుల వెనుక మిగిలిన యువవితంతువులను పల్లెలలో మఱదికిచ్చి మఱల పెండ్లిచేసి ఇంటనే నిలుపుకొనుట విరివిగా జరిగెను. పొలమునకు పనిచేయు చేతులు కావలెను, మనుమడు వంశము దాటిపోరాదు. పరసైన్యాధికారులు 1946లో సైనికుల ఉపకారవేతనములను ఆపివేయుటచే ఈ వితంతువుల జీవనాధారము ఒక్కపెట్టున తెగిపోయెను. 1952 ఏప్రిలులో మృతుల కుటుంబములకు సహాయచట్టము వచ్చి, 1953 ఆగస్టులో, అనగా ఈ చిత్రము తీయబడుచున్న దినములలోనే, ఆ ఉపకారవేతనములు పునరుద్ధరింపబడినవి. నోరికో పట్టణవాసిని, సంతానము లేనిది, ఉద్యోగము కలది. క్రొత్త పౌరస్మృతి 728వ సూత్రము ప్రకారము, భర్త మరణించిన స్త్రీ తన యిచ్ఛను తెలియజేసిన మాత్రమున అత్తవారితో బంధుత్వము ముగియును. కావుననే ఆమె చేయు పరిచర్య విలక్షణమైనది. ఒక్కదినము సెలవు తీసికొని అత్తమామలను బస్సులో నగరము చూపినది. తన యొంటిగదికి తీసికొనిపోయి, పొరుగింటినుండి మద్యమును, పాత్రలను ఎరువుతెచ్చి మామగారికి పోసినది. భర్త పఱుపుపై అత్తగారిని పండుకొనబెట్టి భుజములు ఒత్తినది. చట్టము బంధించినవారు చేయని దానిని చట్టము విడిచిపెట్టిన యామె చేయుచున్నది.

ఇంతమాత్రము చూపి ఊరకున్నచో ఒజూ ఒక పతివ్రతను మాత్రమే సృష్టించియుండును. అతడట్లు చేయలేదు. అత్త తోమి బ్రతికియుండగనే, నీవు మఱల పెండ్లాడుము, మమ్ము తలచి ఆగవలదని కోడలిని వేడుకొనును. అత్త మరణానంతరము షూకిచియు అదే చెప్పును. మామగారి మెచ్చికోలు విని నోరికో, నేను మీరనుకొన్నంత మంచిదానను కాను, ఆయనను తలపని దినములు ఎన్నియో గడచుచున్నవి, ఇట్లొంటిగా నుండి ఏమగుదునోయని భయపడుచు దేనికో ఎదురుచూచుచున్నానని తన మనస్సు విప్పి ఏడ్చును. సెత్సుకో హరా వదనమున అంతవరకు చెదరని చిఱునవ్వు అప్పుడు చెదరును. యుద్ధకాలపు రాజ్యము వీరపత్నిని దేవతగా నిలిపి కొనియాడినది. ఈ చిత్రమున ఆమె దేవతాత్వమును తానే త్యజించి మనుష్యస్త్రీగా నిలిచినది. ఆ పాతకుటుంబమునకు పెద్దయైన మామగారే ఆమెకు ఆ స్వేచ్ఛను ఇచ్చివేయుట గొప్పవిషయము. చట్టము 1948లో చేసిన దానిని మనస్సులు ఒప్పుకొనుట కిన్నేండ్లు పట్టినది.

ఒజూ ఈ చిత్రమున తల్లిదండ్రులు, బిడ్డలు ఎదిగిన కొలదియు జపాను కుటుంబవ్యవస్థ ఎట్లు సడలునో చూపదలచితినని చెప్పినట్లు ప్రసిద్ధి. తాను వివాహమాడక, ఉత్తర కమాకురాలో తల్లితో కలిసి నివసించినవాడు అతడు. అయినను కథాబీజము పూర్తిగా జపాను నేలది కాదు. 1937లో లియో మెకేరీ తీసిన అమెరికా చిత్రమొకటి, ‘మేక్ వే ఫర్ టుమారో’, నోదా చూచియుండెను. జపాను ఎగుమతిదారులు ‘టోక్యో కథ’ పరదేశీయులకు బోధపడదని చిరకాలము సంకోచించిరి. అయినను 1958లో లండనులోని బ్రిటిషు చలనచిత్రసంస్థవారు దానికి సదర్లాండు పురస్కారము నొసగిరి.

తుదిభాగమున, అంత్యక్రియల భోజనమునొద్ద, షిగే తల్లి దుస్తులలో తనకు కావలసినవానిని జ్ఞాపకార్థమని అడిగి, తండ్రి వెడలినంతనే, నాన్నయే ముందుగా పోయియుండిన బాగుండునని యనును. అమ్మ యొక్కతె మిగిలినచో టోక్యోలో ఎట్లైన ఒక యింట ఇముడునట, క్యోకో పెండ్లియై వెడలిన పిదప నాన్నతో ఎట్లని ఆమె చింత. ఈ మాట క్రూరముగా వినబడును గాని, లెక్క తప్పు కాదు. ముదుసలి స్త్రీ వంటింటికి, మనుమలకు అక్కఱకు వచ్చును. జీవితమంతయు ఇతరులచే సేవింపబడిన ముదుసలి పురుషునికి ఇఱుకింట ఏ పనియు లేదు. గృహయజమాని పదవిని అర్ధశతాబ్దము మోసిన తరము ఆ పదవి పోయినపుడు ఎట్లు నిరాధారమయ్యెనో ఒక కూతురి నోట వెలువడినది. అప్పటికి, ఉద్యోగుల ఉపకారవేతనము లేని సామాన్యులకు వార్ధక్యమున రాజ్యమిచ్చు భృతి లేదు. జాతీయభృతిచట్టము 1959లో చేయబడి, 1961 నుండి కర్షకులకు, చిన్నవర్తకులకు, చేతిపనివారికిని వర్తించినది. వృద్ధసంక్షేమచట్టము 1963లో వచ్చినది. ఆ యేడే డిసెంబరు 12న, తన అఱువదవ జన్మదినమున, ఒజూ మరణించెను. అతని తల్లి అంతకు ముందటి యేడు వఱకు అతనితోనే యుండెను.